ఆవిడ బట్టలు

ఆ ఇంట్లో బట్ట కొనడమంటే తానుకు తాను కొనడమే. మీటర్ల లెక్కన కొలిపించి, ఇది నీకు, అది దానికి అని రంగులు పంచే ఓపిక ఎవరికుంది? నాన్న ఏడాదికోసారి బట్టలకొట్టుకు వెళ్ళేవాడు. చవగ్గా ఏది దొరికితే ఆ తాను మొత్తం భుజాన వేసుకుని వచ్చేవాడు. అందులోంచే నలుగురు ఆడపిల్లలకీ గౌన్లు, అందులోంచే కిటికీ తెరలు, దిండు గలీబులు, ఇంకా మిగిలితే టీవీ మీద కప్పే గుడ్డ. పిల్లలు కిటికీ పక్కన నిలబడితే తలకాయలు మాత్రమే కనిపించేవి. ఇంటికొచ్చిన చుట్టాలు గడ్డం పట్టుకుని "నువ్వు రెండోదానివా, మూడోదానివా?" అని అడిగేవాళ్ళు. జవాబు చెప్పేలోపే చిన్నదాన్ని ముద్దు చెయ్యడానికి వెళ్ళిపోయేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది మూడోదానికే. తన గౌను పొట్టిదయ్యేసరికి రెండోదాని గౌను సిద్ధంగా ఉండేది. అది పొట్టిదయ్యేసరికి పెద్దదాని గౌను. మూడూ అవే పువ్వులు, అదే కాలరు, అదే రంగు. గౌను కూడా తనతోపాటే పెరుగుతోందని చాలాకాలం నమ్మింది పిచ్చిపిల్ల. చిన్నది మాత్రం నేలమీద పడి దొర్లి దొర్లి ఏడ్చి ఎలాగో కొత్తది సాధించుకునేది. మూడోదానికి ఆ విద్య అబ్బలేదు. పేరుపెట్టి పిలిచే తీరిక కూడా ఎవరికీ లేక, మూడోది మూడోదిగానే ఉండిపోయింది. ఇప్పుడామెకు ముప్పై ఆరేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం, ఆ వెనక వీధిలోనే మేడమీద, అద్దెదైనా తనదంటూ ఒక గది. అయినా సరే, ఫోన్ చేస్తే అమ్మ "ఎవరూ, మూడోదా?" అనే అంటుంది.

పొద్దస్తమానం ఆమె చేసే పని ఒకటే. వచ్చినవాళ్ళ ముక్కుమీద ఫ్రేము పెట్టడం, ఒకడుగు వెనక్కి వేసి చూడటం, "ఇది మీకు బాగా నప్పింది" అనో, "వద్దండీ, ఇందులో మీరు ఎవరినో తిట్టబోతున్నట్టున్నారు" అనో చెప్పడం. ఎవరికేది నప్పుతుందో ఇట్టే పసిగట్టేది. తనకేది నప్పుతుందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. బూడిదరంగు చొక్కా, నల్ల ప్యాంటు, అంతే. దుకాణం గోడలదీ బూడిదరంగే. ఒకరోజు ఒక పెద్దమనిషి లోపలికొచ్చి, చుట్టూ చూసి, సరిగ్గా ఆమె ఎదురుగానే నిలబడి, "ఇక్కడ పనిచేసేవాళ్ళెవరూ లేరా?" అని కేకేశాడు. కళ్ళు సరిగ్గా కనిపించకే వచ్చాడనుకోండి. అయినా ఆ మాట ఆమెకు చురుక్కుమంది. సాయంత్రం దుకాణం కట్టేసి బయటపడేసరికి ఎవరిమీదో తెలియని కోపం. గదికి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆ కోపంలోనే సైకిళ్ళ షాపు పక్కనున్న పాతబట్టల కొట్టులోకి వెళ్ళింది. ఆ కొట్టాయన్ని వీధంతా బాబాయి అనే పిలుస్తుంది. మనిషి బక్కపలచగా ఉంటాడు గానీ నోరు మాత్రం గట్టిది. ఆయనకో పద్ధతుంది. ఏ ఇంటినుంచైనా పెట్టెడు బట్టలొస్తే అన్నీ ఒక్కసారి బయటపెట్టడు. నెలకొకటి తీసి తగిలిస్తాడు. అదేమంటే, "ఒకింటి బట్టలన్నీ ఒకేసారి తగిలిస్తే అది కొట్టెందుకవుతుందమ్మా, వాళ్ళింటి దండెమవుతుంది" అంటాడు. ఆ రోజు తగిలించింది ముదురాకుపచ్చ కోటు. ఎప్పటి ఫ్యాషనో గానీ, వెడల్పు కాలరు, నడుము దగ్గర బిగింపు, అరచేతిలో సగమున్న గుండీలు. ఊరికే వేసుకుని చూద్దామనుకుంది. అద్దంలో ఎవరో కనిపించారు. ఆ మనిషికి దారివ్వాలన్నట్టు తనే పక్కకి జరగబోయింది.

బాబాయి కోటు తిరగేసి చూపించాడు. "ఎంత లేదన్నా నలభై ఏళ్ళనాటిది. చంకల్లో చెమట మరక చూపించు, చూద్దాం! మోచేతుల దగ్గర అరిగిందేమో చూపించు! కాజాలు కూడా సాగలేదు. ఎంత నాజూకుగా వాడుకుందో మహాతల్లి." ఎడమవైపు, అస్తరు లోపల, చేత్తో కుట్టిన బుల్లి జేబు ఒకటుంది. దానికో మూత, ఆ మూతకో చిన్న గుండీ. అంత చిన్న జేబులో ఏం పెట్టుకునేదో ఇద్దరికీ అంతుపట్టలేదు. "ప్రేమలేఖలు పట్టవులే" అని నవ్వాడు బాబాయి. ఆమె కోటు విప్పకుండానే కొనుక్కుని వచ్చేసింది.

ఇంక చూడండి తమాషా. నెలకొకటి చొప్పున బాబాయి ఆ పెట్టెలోంచే బట్టలు తీస్తున్నాడు. భుజాలకు పొంగు చేతులున్న జాకెట్టు, మోకాళ్ళ కింద గంటలా విచ్చుకునే స్కర్టు, నల్లచుక్కల గౌను. ప్రతిదాంట్లోనూ ఎడమవైపు ఆ బుల్లి జేబు. అన్నీ ఒకే మనిషివి. అన్నీ ఈమె కొలతకి కుట్టినట్టే ఉన్నాయి. వీటిని కుట్టించుకున్న మనిషి ఎలా ఉండేదో అని మూడోది ఆలోచించడం మొదలుపెట్టింది. ఆలోచించీ ఆలోచించీ ఒక మనిషినే తయారుచేసింది. ఆవిడ నిటారుగా నడుస్తుంది. గదిలోకి వస్తే మాటలాగిపోతాయి. ఎవరినీ "ఏమీ అనుకోకండి" అని అడగదు. ఎవరేమనుకున్నా ఆవిడకు ఖాతరు లేదు. ఆ మనిషికి పేరు పెట్టలేదు. "ఆవిడ" అనుకుంది, అంతే.

అప్పటినుంచి ఏ చిక్కొచ్చినా లోపల ఒకటే ప్రశ్న. ఆవిడైతే ఏం చేసేది? మేడ యజమాని నీళ్ళ పంపు బాగుచేయించకుండా రేపూ మాపూ అంటుంటే, ఆవిడైతే ఊరుకునేదా? చుక్కల గౌను వేసుకుని కిందికి దిగి, ఆయన కాఫీ తాగుతున్న కుర్చీ ఎదురుగా నిలబడింది. పంపు మర్నాటికల్లా బాగైంది. బస్సులో ఒకాయన కాళ్ళు చాపుకుని రెండు సీట్లు ఆక్రమిస్తే, ఆవిడైతే నిలబడేదా? "కాస్త జరగండి" అనలేదు, "జరగండి" అంది. ఆయన జరిగాడు! దుకాణానికి వచ్చేవాళ్ళు ఇప్పుడు "ఆ ఆకుపచ్చ కోటు అమ్మాయి ఉందా?" అని అడిగి మరీ వస్తున్నారు. జుట్టు పైకెత్తి ముడివేయడం నేర్చుకుంది. పెదాలకు రంగు వేసుకుంది. నవ్వినవాళ్ళూ ఉన్నారు. ఎదురింటావిడ ముక్కుమీద వేలేసుకుంది. "నాటకాల కంపెనీలో చేరావా?" అన్నవాళ్ళూ ఉన్నారు. అనుకోనీ, అని మనసులోనే మూతి విరిచింది. వెనకాల ఆవిడ ఉండగా తనకేం భయం?

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఒక మధ్యాహ్నం పెద్దక్క దుకాణానికే వచ్చేసింది. మెడలో కొలతల టేపు, చంకలో గుడ్డల మూట. పెద్దక్క అంటే సామాన్యురాలు కాదు. అమ్మానాన్నల్ని తన దగ్గర పెట్టుకుని చూసుకుంటోంది. చెల్లెళ్ళ ఇళ్ళల్లో దేనికేం కొనాలో కూడా తనే చెబుతుంది. వచ్చీ రాగానే చెల్లెల్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమిటే ఈ వేషం?"

"వేషం కాదక్కా, బట్టలు."

"ఎవరివి?"

"నావే. కొనుక్కున్నాను."

"కొనుక్కుంటే నీవైపోతాయా? ఎవరో చచ్చినవాళ్ళవి! తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. సరే, చేతులు పైకెత్తు, కొలతలు తీసుకోవాలి." అంటూ మూట విప్పింది. బిస్కెట్ రంగు గుడ్డ, దానిమీద సన్నసన్న గోధుమరంగు పువ్వులు. తానుకు తాను మొత్తం. "వచ్చే ఆదివారం అమ్మానాన్నల పెళ్ళిరోజు, యాభయ్యేళ్ళు. స్టూడియోలో ఫోటో తీయించుకుందాం. అమ్మ ఎన్నేళ్ళుగా అడుగుతోందో తెలుసా, అందరూ ఒకచోట ఉన్న ఫోటో ఒక్కటీ లేదని! నలుగురం ఒకే గుడ్డ. ఇప్పుడిదే ఫ్యాషనట."

"అయితే మనం పుట్టినప్పట్నుంచీ ఫ్యాషన్‌లోనే ఉన్నామన్నమాట" అంది మూడోది.

పెద్దక్క నవ్వలేదు. టేపు పట్టుకుని దగ్గరికొచ్చింది. మూడోది చేతులెత్తలేదు. ఆవిడైతే ఏమనేది? "నేను నా బట్టల్లోనే వస్తానక్కా" అనేసింది. అనేశాక తనకే భయమేసింది.

పెద్దక్క ఒంటికాలిమీద లేచింది. "అందరిలో నువ్వొక్కదానివే ప్రత్యేకమా? రెండోది సరేనంది, చిన్నది సరేనంది. నీకొక్కదానికే కొమ్ములొచ్చాయా? విను. ఈ గౌనులో వస్తే రా. ఆ చచ్చినావిడ బట్టల్లో వచ్చావో, ఫోటోలో నిలబడనివ్వను. ముగ్గురు కూతుళ్ళే అనుకుంటాం." కొలతలు తీసుకోకుండానే, పాత కొలతలతో కుడతానంటూ విసవిసా వెళ్ళిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని అద్దం ముందు కూర్చున్న కస్టమరు ఇదంతా స్పష్టంగా చూశాడు పాపం.

ఆ ఫోటో అమ్మ మంచం ఎదురుగా గోడకి ఎక్కుతుంది. అమ్మ పొద్దున లేవగానే చూసేది దాన్నే. అందులో లేకపోతే ఆ ఇంట్లోనే లేనట్టు. పోనీ, బిస్కెట్ రంగు గౌను తొడుక్కుని నిలబడితే? అప్పుడూ లేనట్టే. ఏం చెయ్యాలో పాలుపోక మూడోది సాయంత్రం దాకా ఒకే ఫ్రేముని తుడుస్తూ కూర్చుంది. చివరికి లేచి బాబాయి కొట్టుకు నడిచింది. ఫోటోకి తను వేసుకునేది ఆవిడ బట్టల్లోకెల్లా గొప్పదై ఉండాలి. చూసి పెద్దక్క నోరు మెదపకూడదు.

"పెట్టెలో ఆఖరిది మిగిలిందమ్మా" అని బాబాయి లోపల్నుంచి తీసుకొచ్చాడు. నేరేడుపండు రంగు గౌను. మెడ దగ్గర తెల్లని లేసు కాలరు, చేతులు మణికట్టు దాకా, ముందంతా వరసగా గుండీలు. మూడోది చేత్తో తడిమి చూస్తోందో లేదో, గుమ్మంలో ఎవరో ఆగిపోయారు. యాభై దాటిన మనిషి, తెల్ల బూట్లు, ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు. ఆమె చూపు గౌను మీద లేదు. మూడోది ఒంటిమీదున్న ఆకుపచ్చ కోటు మీద ఉంది.

"ఏమనుకోకపోతే… ఆ కోటుకి ఎడమవైపు లోపల చిన్న జేబుందా?" అంది.

మూడోది కోటు తెరిచి చూపించింది. నర్సు ఆ జేబుని వేలితో ముట్టుకుని, "మా అమ్మ కుట్టిందే" అంది. అమ్మ పోయాక దుఃఖంలో ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టెతో సహా ఇచ్చేసిందట. తర్వాత మనసు పీకింది. ఒక్కటైనా మిగిలిందేమో చూద్దామని ఇన్నాళ్ళకి వచ్చింది.

మూడోదానికి పట్టలేని సంతోషం. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి ప్రశ్నల వర్షం కురిపించింది. "మీ అమ్మగారు ఎక్కడ పనిచేసేవారండీ? ఈ బట్టల్లో వెళుతుంటే వీధంతా తిరిగి చూసేదేమో! ఎవరికీ భయపడేవారు కాదు కదా?"

నర్సు వింతగా చూసింది. "మా అమ్మా? మా అమ్మ బడి పిల్లల యూనిఫారాలు కుట్టేదమ్మా. బూడిదరంగు నిక్కర్లు, బూడిదరంగు స్కర్టులు, రోజంతా అవే. వీధిలోకి వెళ్ళాలంటే గోడవారగా నడిచేది. నిజం చెప్పాలంటే ఆవిడ ఈ బట్టలు ఒక్కసారి కూడా వేసుకుని బయటికి వెళ్ళలేదు."

బాబాయి తల గోక్కున్నాడు. మూడోది నోరెళ్ళబెట్టింది.

"పత్రికల్లో బొమ్మలు చూసి కుట్టుకునేది," అని నర్సు చెప్పుకుపోయింది. "మధ్యాహ్నాలు, మేం బడిలో ఉండగా. కుట్టి, తలుపు గడియపెట్టి, అద్దంలో చూసుకుని, మడిచి పెట్టెలో పెట్టేసేది. నాన్న వద్దన్నాడా అంటే అదీ లేదు, ఆయన మంచివాడే. 'వేసుకో అమ్మా' అని నేనెన్నోసార్లు అన్నాను. 'ఏదైనా సందర్భం రానీవే' అనేది. ఏ సందర్భం వచ్చినా, ఇది కాదు, ఇంకా పెద్దది రావాలి అనేది. అలాగే పోయింది."

"మరి ఈ జేబు?" అని బాబాయి అడిగాడు.

"ఇంటి తాళంచెవికి. బయటికి వెళితే తాళం వేసుకోవాలి కదా, చెయ్యి ఖాళీగా ఉండాలని. కొత్తది కుట్టిన ప్రతిసారీ ముందు ఆ జేబే కుట్టేది."

మూడోదానికి ముందు కోపమొచ్చింది, చెప్పొద్దూ. ఎవరో నమ్మించి మోసం చేసినట్టైంది. చెమట మరకలు లేవంటే ఎంత జాగ్రత్తపరురాలో అనుకున్నారు, ఈ తెలివిగల ఇద్దరూ! అసలు వేసుకుంటే కదా మరకలయ్యేది. ఇన్ని నెలలుగా ఎవరి ధైర్యాన్ని తను అరువు తెచ్చుకుందో ఆ మనిషి తనకంటే పిరికిది. కోపం వెనకాలే ఏడుపొచ్చింది. తనకోసం కాదు. ఒక్క సాయంత్రమైనా వీధి చివరిదాకా వెళ్ళిరాని ఆ తల్లికోసం.

నర్సు నేరేడు గౌను చేతిలోకి తీసుకుంది. మూడోది గౌను మీదినుంచి చెయ్యి తీసేసింది. ఆదివారం సంగతి ఎలా చెబుతుంది? కన్నకూతురు అడుగుతుంటే! అయితే నర్సే కాసేపటికి గౌను ఆమె చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే మళ్ళీ పెట్టెలోకే పోతుంది. నేను అమ్మ కూతుర్నే కదా. ఒక్క కోరిక. దీన్ని వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి రాగలరా? ఇవి నడుస్తుంటే ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు."

మూడోది లోపలికెళ్ళి గౌను మార్చుకుని వచ్చింది. సైకిళ్ళ షాపు దాటింది, చెప్పుల షాపు దాటింది, మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించి చూశారు. నర్సు కొట్టు గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. "వెనకాల కుచ్చులు ఊగుతాయి" అంది. "అమ్మకి అది తెలీదు. అద్దంలో ముందువైపే కదా కనిపించేది."

అంతా బాగానే ఉంది గానీ, మర్నాడు పొద్దున్న మూడోది బీరువా తీసి ఏదీ వేసుకోలేకపోయింది. ఆ బట్టలు చూస్తే గడియపెట్టిన తలుపే గుర్తుకొస్తోంది. ఎక్కడో అడుగున నలిగిన బూడిదరంగు చొక్కా లాగి తొడుక్కుని దుకాణానికి వెళ్ళింది. ఆవిడైతే ఏం చేసేది అని ఇంక అడగడానికి లేదు. ఆవిడైతే ఏమీ చెయ్యదు. ఆదివారం నోరు మూసుకుని బిస్కెట్ గౌను తొడుక్కుంటుంది. ఆ మాట అనుకోగానే ప్రాణం ఉసూరుమంది.

అలా రెండు రోజులు గడిచాయి. మూడోరోజు ఒక రిటైరైన టీచరమ్మ కళ్ళజోడు మార్చుకోవడానికి వచ్చింది. ఎర్రఫ్రేము ఒకటి పెట్టుకుని, అద్దంలో చూసుకుని, ముచ్చటపడి, మళ్ళీ తీసేసింది. "వద్దులే అమ్మా, ఈ వయసులో నలుగురూ నవ్వుతారు" అంది. "నవ్వనివ్వండి మేడమ్, ఎంతసేపు నవ్వుతారు? వాళ్ళకి వేరే పన్లుండవా? మీరు పెట్టుకోండి" అనేసింది మూడోది. అనేసి ఆగిపోయింది. ఒంటిమీద బూడిదరంగు చొక్కా. వెనకాల ఆవిడ లేదు. లోపల ఎవరినీ అడగలేదు. మరి ఈ మాట అన్నదెవరు?

అప్పుడు మొదట్నుంచీ అన్నీ లెక్కలోకి వచ్చాయి. మేడ యజమాని కుర్చీ ముందు నిలబడిందెవరు? బస్సులో జరగమన్నదెవరు? ఆవిడ గడపే దాటలేదంటే, ఇన్నాళ్ళూ బయట తిరిగినదంతా తనేగా! ఎదురింటావిడ వేలు ముక్కుమీదికి ఎక్కించింది కూడా తనే. మూడోదానికి ఫక్కున నవ్వొచ్చింది. టీచరమ్మ కంగారుపడి, "నవ్వుతారన్నానా లేదా!" అంది. "మీ గురించి కాదండీ, ఒట్టు" అని బతిమాలుకోవలసి వచ్చింది. టీచరమ్మ ఎర్రఫ్రేముతోనే వెళ్ళింది.

ఆదివారం స్టూడియోకి మూడోది నేరేడు గౌనులోనే వెళ్ళింది. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది, అబద్ధమెందుకు. లోపల అమ్మా నాన్నా అప్పటికే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. నాన్న మెడకి టై బిగించి కట్టేశారు, ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. రెండోదీ చిన్నదీ బిస్కెట్ గౌన్లలో వెనక నిలబడ్డారు. "అబ్బ, భలే ఉన్నావే!" అని చిన్నది అనేసి నాలుక కరుచుకుంది. పెద్దక్క ముఖం మాడిపోయింది. చెల్లెలి రెక్క పుచ్చుకుని బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. సంచిలోంచి నాలుగో గౌను తీసి చేతిలో కుక్కింది.

"ఇది తొడుక్కో. లేదా పో ఇక్కణ్ణించి."

"పోనక్కా. ఫోటోలో ఉంటాను. ఇలాగే ఉంటాను."

"ఎందుకే నీకింత పంతం?"

"పంతం కాదు. అమ్మ రేపు పొద్దున ఆ ఫోటో చూసి మూడోది ఏదీ అని వెతుక్కోకూడదు. అంతే." చేతిలోని గౌను మడతపెట్టింది. "నీమీద కోపం లేదక్కా. ఈ గుడ్డంటేనే కోపం."

పెద్దక్క దబ్బుమని స్టూలు మీద కూర్చుంది. తిడుతుందనుకుంటే ఏడవడం మొదలుపెట్టింది. పెద్దక్క ఏడవగా మూడోది ఎన్నడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక చేతిలో ఉన్న గౌనే కళ్ళు తుడుచుకోమని ఇచ్చింది.

"నాకేదో ఈ గుడ్డంటే మోజనుకుంటున్నావా?" అంది పెద్దక్క ముక్కు చీదుతూ. "అమ్మ ఆస్పత్రిలో పడ్డ ఏడాది నీకు గుర్తుండదు. నాకు మిషను తొక్కడానికి కాళ్ళు కూడా అందేవి కావు. మీ ముగ్గురికీ మూడు రంగుల్లో కుట్టాను, ఎంతో ముచ్చటపడి. దాని రంగు నాక్కావాలంటే నాక్కావాలని ముగ్గురూ జుట్లు పట్టుకున్నారు, చిన్నది ఒకదాన్ని చింపేసింది. అమ్మ లేదు, నాన్నకి చేతకాదు. ఆ రాత్రే నాన్నతో చెప్పాను, ఇంకెప్పుడూ ఒకటే తాను తెమ్మని. తాను నాన్న తెలివనుకుంటున్నారు మీరంతా. నాదే. మీరు కొట్టుకోకుండా ఉంటే చాలనుకున్నాను."

ఇన్నేళ్ళుగా నాన్నని తిట్టుకున్న మూడోది పెద్దక్క ముందు మోకాళ్ళమీద కూర్చుంది, గౌను నలిగినా సరే అని.

"మాకు మూడు రంగులు కుట్టావు. నీకేది కుట్టుకున్నావు?"

"మిగిలిన ముక్కలేవో అతికించుకున్నాను. నాకెందుకు?"

"నీకే రంగిష్టం అక్కా?"

పెద్దక్క కొంగున్నట్టే గౌను చివర నలుపుతూ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఎదురుగా గోడవైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. ఎవరింట్లో ఏ తెర కట్టాలో, ఎవరికే చెప్పులు కొనాలో చిటికెలో చెప్పగల మనిషి! "ఏమోనే" అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "తెలీదు. నన్నెవరూ అడగలేదు." మూడోది అక్క చెయ్యి పట్టుకుంది. తనకు కనీసం పక్కవాళ్ళని చూసి కుళ్ళుకునే తీరికైనా దొరికింది. ఈ మనిషికి అదీ లేదు.

బయట ఫోటోగ్రాఫరు తలుపు తట్టాడు. "అమ్మా, నాన్నగారు టైలో ఊపిరాడటం లేదంటున్నారు, కాస్త త్వరగా రావాలి."

పెద్దక్క లేచి ముఖం కడుక్కుంది. అలవాటు ఎక్కడికి పోతుంది, చెల్లెలి లేసు కాలరు సర్ది, ఊడిన గుండీ ఒకటి పెట్టింది. "కుట్టు మాత్రం బావుంది. ఎవరు కుట్టారో గానీ" అని ఒప్పుకుంది. "పద. నా పక్కన నిలబడు." నాలుగో గౌను తడిసి ముద్దై స్టూలు మీదే ఉండిపోయింది.

అందరూ నిలబడ్డారు. అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి నేరేడు గౌనుని కళ్ళు చికిలించి చూసింది. చెయ్యి చాపి బట్ట నాణ్యం వేళ్ళతో నలిపి చూసింది. ఫోటోగ్రాఫరు దీపాలు సరిచేశాడు. ఎవరూ కదలొద్దన్నాడు, రెప్ప వెయ్యొద్దన్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. పెద్దక్క కెమెరావైపే చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా, మూడోదాని చెవిలో పడేంతగా అంది.

"నీలం అనుకుంటానే. ముదురు నీలం."

మూడోది కదిలిపోయింది. కెమెరా సంగతి మరిచిపోయి అక్క ముఖంలోకి చూసింది. ఫోటోగ్రాఫరు తలపట్టుకుని, ఫోటో పాడైంది, మళ్ళీ తీయాలన్నాడు. నాన్న టై ఊడదీసి అవతల పారేశాడు. రెండోది ఏమైందే ఏమైందే అని అడుగుతూనే ఉంది. పెద్దక్క మాత్రం ఎవరికీ జవాబు చెప్పకుండా, తనలో తనే ఇంకోసారి "అవును, నీలమే" అనుకుంది.